వేళ్ళతో పోయిన గడ్డి

ఉప్పు చిత్తడి అంచున మా వాసనగడ్డిని ఎవరో వేళ్ళతో సహా తవ్వుకుపోయారు.

రొసెల్లా పిన్ని బురదలో అలాగే నిలబడిపోయింది. ఎటు చూసినా గోతులే. అక్కడక్కడా మిగిలిన పరకల కొసలు కాలినట్టు ఎర్రబారి ఉన్నాయి. ప్రతి గోతి పక్కనా చిటికెడు పొగాకు.

ఆ పొగాకు చూసి నా బుర్ర తిరిగింది. గడ్డి తీసేముందు నేలకి నైవేద్యంలా పొగాకు పెట్టేది మా పాసమాక్వొడ్డి తెగవాళ్ళే. కానీ మావాళ్ళెవరూ వేరు ముట్టుకోరు. పరకా పరకా లాగి, వేరు నేలకే వదిలేస్తారు. బయటి దొంగయితే పొగాకు పెట్టడు. మావాడయితే తవ్వడు. మరి వచ్చిందెవరు?

"ఈ చోటు ఎవరికి తెలుసు పిన్నీ?"

"మా అమ్మ నాకు చూపించింది, నేను నీకు చూపించాను. మీ బాబాయి మూటలు మోసేవాడు. ఆయన పోయాడాయె. సమాధిలోంచి లేచొచ్చి చెప్పాడంటావా?"

ఏ ఇంటి గడ్డిచోటు ఆ ఇంటి గుట్టు. ఊళ్ళో ఎవరినీ అడగడానికి లేదు. అడిగితే మా చోటు మేమే బయటపెట్టుకున్నట్టు. పిన్ని బుట్టల అంచులన్నీ ఈ గడ్డితో అల్లినవే. ఇది పోతే ఆమె అల్లిక ఇక్కడితో సరి.

"ఈ ఏడాదికి ఇంకెవరి చోటుకైనా..."

"సిగ్గులేదూ? ముందు ఇటు చూడు."

గోతి గోడ మీద నాలుగు గాట్లు. గుల్లలు తవ్వే నాలుగు పళ్ళ పారవి.

"మన సిపాయిక్ ఊళ్ళో సగం ఇళ్ళలో ఉంటుందది," అన్నాను.

"గాట్లన్నీ ఎడమకి వాలాయి. ఎడంచేత్తో తవ్వేది మా మరిది ఒక్కడే."

"ఎల్డన్ బాబాయా? ఆయనకెలా తెలుస్తుంది? ఆయనకెందుకు ఈ గడ్డి?"

"అదే నాకూ అర్థం కావడంలేదు. వాడికి దీనికీ పశువుల మేతకీ తేడా తెలీదు."

ఎల్డన్ బాబాయి ఇంటి వెనక, ఊట నీళ్ళు నిలిచే పల్లంలో మా గడ్డి దుబ్బులు వరసగా నాటి ఉన్నాయి. కొన్ని వాడాయి. ఆయన బకెట్టుతో నీళ్ళు పోస్తున్నాడు. మమ్మల్ని చూసి బకెట్టు దించాడు.

"నేనే తవ్వాను వదినా. తిట్టు, కానీ విన్నాక తిట్టు. ఆ చోటు అన్నయ్యే చెప్పాడు, ఆసుపత్రి మంచం మీద. పోటు నీళ్ళు ఏడాదికేడాది పైకొస్తున్నాయిరా, మీ వదిన గడ్డిని కాస్త కనిపెట్టి ఉండు అన్నాడు. మొన్నటి పెద్ద పోటుకి ఉప్పు పట్టి కొసలు మాడాయి, అక్కడే ఉంటే వేరూ చస్తుందని ఈ మంచినీళ్ళ ఊటకి తెచ్చాను. నీకు చెబుదామని మీ గుమ్మందాకా వచ్చి వెనక్కి పోయాను. చెబితే అన్నయ్య గుట్టు విప్పాడని నీకు తెలుస్తుంది. పోయినవాణ్ణి నీచేత తిట్టించడం ఇష్టంలేకపోయింది. వేరు కదిపినందుకు గోతిగోతికీ పొగాకు పెట్టాను. బతుకుతుందో లేదో నాకూ తెలీదు."