హైఫ్లో బటన్

అందరూ అతన్ని హైఫ్లో అనే పిలిచేవారు. ఆ పేరు తనకు తాను తెచ్చిపెట్టుకున్నదే. ఆరేళ్ల కిందట, ముందు బకెట్టో కట్టరో తగిలించుకునే పాత స్కిడ్ స్టీర్ బండి కొన్నప్పుడు, అమ్మినవాడు కుడిచేతి లివరు మీది ఎర్ర బటన్ చూపించి, "ఇది నొక్కారంటే ఆయిలు రెట్టింపు జోరుగా పారుతుంది. దాన్నే హైఫ్లో అంటారు" అన్నాడు. అప్పట్నుంచి నలుగురు చేరిన చోటల్లా ఇతనిది అదే పాట. బకెట్‌తో మట్టి ఎత్తడానికి ఆ బటన్ అవసరమే పడలేదు.

ఇప్పుడు పడింది. రేపు పొద్దున కాలువ గట్ల మీద పొదలు కొట్టే పని. బండి హైఫ్లో అన్నాకే కాలువ ఇంజనీరు ఒప్పుకున్నాడు. అది నమ్మే బావమరిది ఉన్న ఉద్యోగానికి నీళ్లొదిలి ఇతనితో పనికి వచ్చాడు.

అద్దె యార్డులో బండి ముందు తగిలించే పొదల కట్టర్లు రెండున్నాయి. పెద్దది తొడంత మానును కూడా నమిలేస్తుంది. చిన్నది మణికట్టు లావు దాటితే మొరాయిస్తుంది.

"ఇంకేం చూస్తావు బావా? పెద్దదే పట్టు. కళ్లతోనే కొరికేస్తావా దాన్ని?"

యార్డు మెకానిక్ మాత్రం ఆయిలు పారే జోరు కొలిచే మీటరు తెచ్చి బండి గొట్టాలకు బిగించాడు. "పెద్దదానికి నిమిషానికి నూట పది లీటర్లు రావాలి. చూసే ఇస్తా."

"నా బండికే పరీక్షా?" గొంతు పెంచి హైఫ్లో బండెక్కాడు.

ఇంజను జోరు పెంచాడు. ముల్లు లేచి డెబ్బై దగ్గర ఆగింది.

"ఇప్పుడు నొక్కండి."

నొక్కాడు. ముల్లు కదల్లేదు. గోరు తెల్లబడేలా నొక్కాడు. డెబ్బై.

మెకానిక్ సీటు కింద తల దూర్చి చూశాడు. "బటన్ వైరు ఉత్తినే వేలాడుతోంది. హైఫ్లో పంపే లేదు దీనికి. ఈ లివరు ఏ బండిదో పీకి తగిలించారు."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"పెద్దదే తీసుకెళ్లండి," అన్నాడు యార్డు యజమాని. "తిరగకపోదు. నిదానంగా తిరుగుతుంది, అంతేగా."

హైఫ్లో మనసులో లెక్క నడిచింది. మొదటి రెండు రోజులూ సన్న పొదలే. మూడోనాడు మాన్ల దగ్గర కట్టర్ చతికిలబడుతుంది. అప్పటికి కాలువలోకి నీళ్లు వదిలే రోజు మీదికొస్తుంది, ఇంజనీరు ఇంకొకణ్ణి తెచ్చుకోలేడు.

"తీసుకో బావా," బావమరిది గొంతు తగ్గించాడు. "ఎవడికి తెలుస్తుంది?"

"చెట్టుకి తెలుస్తుందిరా."

మళ్లీ ఆలోచిస్తే ధైర్యం జారిపోతుందని వెంటనే ఇంజనీరుకు ఫోను చేశాడు. "సార్, నా బండి హైఫ్లో కాదు. మణికట్టు లావు దాకానే కొట్టగలను."

"మరి అంత గొప్పలు పోయావేం?"

"తెలీక వాగాను సార్."

"ఎడమ గట్టు వరకే నీది. మాన్లున్న గట్టు వేరేవాళ్లకిస్తా." ఫోను పెట్టేశాడు.

బావమరిది అంతా విన్నాడు. "సగం పనికి ఇద్దరెందుకు బావా?"

హైఫ్లో మళ్లీ బండెక్కి చిన్న కట్టర్ దగ్గరికి పోనిచ్చాడు. బండి కొక్కేలు కట్టర్‌లో సరిగ్గా కూర్చుంటున్నాయో లేదో సీట్లోంచి కనబడదు. చూడమని బావమరిదికి చెయ్యి ఊపాడు.

బావమరిది కాసేపు అటు తిరిగే నిలబడ్డాడు. తర్వాత వచ్చి, వంగి చూసి, "ఇంకో రెండంగుళాలు ముందుకి!" అని అరిచాడు.