మేస్త్రి చెవికి కొత్త ఇయర్‌ఫోన్లు

మా మేస్త్రికి తన చెవులంటే మహా గర్వం. నేను కొనిచ్చిన చవక ఇయర్‌ఫోన్లు ఆ గర్వాన్ని మట్టిలో కలిపాయి.

మాది మోటార్లు బాగుచేసే షాపు. తిరుగుతున్న మోటారుకు స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కి, లోపల బేరింగు ఇంకెన్నాళ్ళు బతుకుతుందో చెప్పేవాడాయన. తుంటి విరిగి, షాపు పైనే మూడో అంతస్తులో ఉన్న ఇంట్లో మంచం పట్టాక, నేను మోటార్ల చప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి పట్టుకెళ్ళి, ఆ ఇయర్‌ఫోన్లలో వినిపించేవాణ్ణి. ఒకరోజు లాండ్రీవాళ్ళ మోటారు విని, "కీచుమంటోంది, అంతే. గ్రీజు పెట్టి ఇచ్చెయ్" అన్నాడు. ఇచ్చేశాను. రెండోరోజే బేరింగు తిరక్కుండా పట్టేసి మోటారు కాలిపోయింది.

ఆ మాట ఆయనతో చెప్పకుండా ఉండాల్సింది. నా నోట్లో నువ్వుగింజ నానదు కదా, చెప్పేశాను.

"చెవులు పోయాయిరా. ఇంక నన్నేమీ అడక్కు" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"మూడు రోజులైంది అన్నా, ముద్ద ముట్టడం లేదు" అంది ఆయన కూతురు, మెట్ల దగ్గర నన్ను ఆపి.

అదే రికార్డింగును షాపులో పెద్ద స్పీకరుకు తగిలించి విన్నాను. కీచు కింద లావుపాటి గుర్రు స్పష్టంగా ఉంది. నా ఇయర్‌ఫోన్లు దాన్ని మింగేశాయి. తప్పు ఆయన చెవులది కాదు, నా పిసినారితనానిది.

"బేస్ ఎక్కువుండాలి, ధర తక్కువుండాలి" అన్నాను ఎలక్ట్రానిక్స్ షాపులో.

"పిండి కొద్దీ రొట్టె సార్" అంటూనే షాపతను మూడు జతలు తీశాడు. అతను పెట్టిన డాన్సు పాట ఆపేసి నా మోటారు రికార్డింగు పెట్టుకున్నాను. మొదటి జతలో దోమ పాడినట్టుంది. రెండోది చెవిలో నిలవలేదు. మూడోదాంట్లో గుర్రు గుండెకు తగిలింది. షాపతను కుతూహలం కొద్దీ ఒకటి తన చెవిలో పెట్టుకున్నాడు.

"ఇదేం పాట సార్?"

"చచ్చిపోయిన మోటారు" అన్నాను. అతను గబుక్కున తీసేశాడు.

మేస్త్రిని బతిమాలి లాండ్రీ మోటారు మళ్ళీ వినిపించాను. "ఇదిగో, ఇక్కడ! గుర్రుమనడం లేదూ?" అని లేవబోయాడు. ముఖం చాటంత అయింది. ఆ పూట అన్నం మళ్ళీ వడ్డించమన్నాడట.

మర్నాడు ఒక చిన్న పంపు మోటారు చప్పుడు వినిపించాను. విని, "వెనక బేరింగు పోయింది. విప్పు" అన్నాడు.

ఆ బేరింగు పొద్దున్నే నా చేతులతో కొత్తది వేశాను. అయినా గురువు మాట కాబట్టి విప్పాను. నిక్షేపంలా ఉంది. అనుమానమొచ్చి ఆ ఇయర్‌ఫోన్లు నేనూ పెట్టుకుని విన్నాను. షాపులో బాగున్న మోటార్లన్నీ వరసగా రికార్డు చేసి విన్నాను. అన్నీ గుర్రుమన్నాయి. పాటలకోసం చేసిన వస్తువు లేని గుర్రును కూడా కలిపి వినిపిస్తోంది. మోటారు పరీక్షకు బేస్ చూసి ఇయర్‌ఫోన్లు కొన్న తెలివైనవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే.

ఈ సంగతి చెబితే ఆయన మళ్ళీ గోడవైపు తిరుగుతాడు. భయపడ్డాను. గబగబా మోటారు బిగించేసి, తుక్కు డబ్బాలోంచి బాగా అరిగిన బేరింగొకటి ఏరి పైకి తీసుకెళ్ళాను.

"మీరన్నదే నిజం మేస్త్రీ. ఇదిగో" అని చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని తిప్పాడు. రంధ్రంలో వేలు పెట్టాడు.

"ఆ మోటారు బేరింగులో నా చిటికెనవేలు ఇరుక్కుంటుంది. దీంట్లో బొటనవేలు దూరుతోంది. తాతకు దగ్గులు నేర్పుతున్నావట్రా?"

తల వంచుకుని జరిగిందంతా చెప్పాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఇంతకంటే నన్ను కొట్టినా బాగుండేది.

"మోటారు పైకి పట్రా" అన్నాడు చివరికి.

భుజాన వేసుకుని మూడంతస్తులూ ఎక్కాను. మంచం పక్కన పెట్టి, కరెంటు కలిపాను. దిండుకింద నుంచి తన పాత స్క్రూడ్రైవరు తీశాడు. మొన మోటారుకు, పిడి చెవి వెనక ఎముకకు. కూతురు తలుపు దగ్గరకొచ్చి నిలబడింది.

"బేరింగు బాగుంది" అన్నాడు. పిడి ఇంకొంచెం నొక్కాడు. "వెనక మూతకు ఒక బోల్టు వదులుగా ఉంది. కింద, ఎడంపక్కది. ఎవడ్రా బిగించింది?"

మోటారు ఆపి స్పానరు పెట్టాను. ఆ బోల్టు నిజంగానే అరచుట్టు తిరిగింది. అబద్ధం మోసుకెళ్ళే తొందరలో దాన్ని బిగించడం మరిచింది నేనే.

"నేనే మేస్త్రీ" అన్నాను. కళ్ళలో నీళ్ళు ఆగలేదు. నా ఇరవై రెండేళ్ళ పనిలో తప్పు దొరికినందుకు ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

"ఏడవకు, బోల్టు మీద పడితే తుప్పు పడుతుంది" అన్నాడాయన. తర్వాత కూతురివైపు తిరిగి, "ఆ ఇయర్‌ఫోన్లు నువ్వు తీసుకోమ్మా, పాటలు విను. నాకు చెవులున్నాయి" అన్నాడు.