ఆదివారం నాడు చూసిన బండి

బెర్డీనా వెల్డ్‌క్యాంప్ తనుండే సియూ కౌంటీ పొలిమేర దాటి రెండేళ్లు కావస్తోంది. ఆపరేషన్ చేసి పేగులో కొంత తీసేశాక, బాత్రూం అవసరం వచ్చిందంటే ఆవిడ క్షణం కూడా ఆగలేదు. ఆ సంగతి డాక్టరుకూ, ఆవిడకూ, భర్త హార్లన్‌కూ, దేవుడికీ తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలిసినవాళ్లలో కూడా దాన్ని గురించి నోరు విప్పి మాట్లాడింది డాక్టరొక్కడే.

ఎవరు ఏ ఊరికి పిలిచినా బెర్డీనా "తోటలో పనుంది" అనేది. మోకాలిలోతు మంచు పడ్డ జనవరిలో పిలిచినా తోటలో పనే. పిలిచేవాళ్లు నవ్వుకుని ఊరుకునేవారు. హార్లన్ కూడా పక్కనే నిలబడి, "అవును, తోట పెద్దది" అనేవాడు.

ఆవిడ అక్క గెర్ట్రూడ్ వాషింగ్టన్ రాష్ట్రంలో, లిండెన్‌లో ఉంటుంది. ఎనభై దాటిన మనిషి, కదల్లేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ "ఎప్పుడొస్తావే, బెర్డీ?" అని అడిగేది. ఈ వసంతం నుంచి అడగడం మానేసింది. అడిగినంతకాలం విసుక్కున్న బెర్డీనా, మానేశాక సింకు దగ్గర నిలబడి గిన్నెలు కడుగుతూ ఏడ్చింది. హార్లన్ వెనక నుంచి చూసి, చప్పుడు చేయకుండా కొట్టంలోకి పోయాడు. ఆ పూట కొట్టంలో అతనికేమీ పనిలేదు.

వారం తిరగకముందే భోజనాల దగ్గర అన్నాడు: "ట్రైలర్ ఒకటి కొందామనుకుంటున్నా. పికప్ వెనక తగిలించుకుని పోవడమే. మంచం, పొయ్యి, అన్నీ మనతోనే ఉంటాయి. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు."

'అన్నీ' అన్నప్పుడు అతను ఉప్పు డబ్బా వంక చూశాడు. బెర్డీనా కూడా ఉప్పు డబ్బా వంకే చూసింది.

"చూడ్డానికైతే వస్తాను," అంది.

శనివారం మధ్యాహ్నం ట్రైలర్లు అమ్మే చోటికి వెళ్లారు. అక్కడ అమ్మేది కెల్విన్ రూలోఫ్స్. చిన్నప్పుడు సండే స్కూల్లో బెర్డీనా దగ్గరే బైబిల్ వాక్యాలు కంఠతా పట్టాడు. ఇప్పుడు బట్టతల వచ్చింది. అయినా ఆవిణ్ణి చూడగానే చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"వచ్చారా? మొదటి ట్రైలర్ కదూ. ఏమేం కావాలో చెప్పండి, వెతికి చూపిస్తా."

హార్లన్ గొంతు సవరించుకున్నాడు. ఇంటి దగ్గర నుంచి పదిహేను మైళ్లు ఆ ఒక్క మాటే నాలుక మీద పెట్టుకుని వచ్చాడు. తీరా అడగాల్సిన చోట, "మంచి టైర్లుండాలి," అన్నాడు.

"చల్లకొచ్చి ముంత దాచినట్టుంది నీ వరస," అంది బెర్డీనా, అతనికి మాత్రమే వినపడేట్టు. కానీ ఆ ముంత తను కూడా బయట పెట్టలేదు. కెల్విన్‌కు పదో కీర్తన నేర్పిన నోటితో ఆ మాట ఎలా చెబుతుంది?

కెల్విన్ ముందుగా మెరిసేవి చూపించాడు. ఒకదాంట్లో కరెంటుతో వెలిగే ఉత్తుత్తి నెగడు ఉంది. ఇంకోదానికి బయటివైపు గోడలో వంటిల్లు, టీవీ. మూడోదాంట్లో పిల్లలకు అంతస్తుల మంచాలు.

"ఈ నెగడు వేడెక్కుతుందా?" హార్లన్ అడిగాడు.

"కొంచెం. చూడ్డానికి బాగుంటుందని."

"చూడ్డానికైతే మా ఇంట్లో పిల్లి ఉంది. ఇది బరువెంత?"

కెల్విన్ ఒక అంకె చెప్పాడు.

"అది ఖాళీ బండి బరువు. నీళ్లు నింపాక, గ్యాసు సిలిండర్లు పెట్టాక, ఈవిడ పచ్చడి సీసాలు ఎక్కాక ఎంత? నా పికప్ ఎంత బరువు లాగగలదో తలుపు మీద రాసింది నేను చదివే వచ్చా."

"అన్ని సీసాలు ఎందుకు పెడతాను?" అంది బెర్డీనా.

"గెర్ట్రూడ్‌కి ఒట్టి చేతుల్తో వెళ్తావా?"

మొదటిసారిగా వెళ్లడం గురించిన మాట వచ్చింది. దాన్ని ఆవిడ కొట్టిపారేయలేదు. హార్లన్‌కు అంతే చాలు.

తర్వాత సాగిన బేరం చూడముచ్చటగా ఉంది. బెర్డీనా బూట్లు విప్పి ప్రతి మంచం మీదా పడుకుని లేచింది. మంచానికి రెండు వైపులా నడిచే చోటు లేకపోతే దుప్పటి సర్దడం ఎలా అని అడిగింది. అలమర్లు తెరిచి, ప్రయాణంలో తలుపులు ఊడి పడకుండా గొళ్లెం ఉందా అని లాగి చూసింది. హార్లన్ నేల మీద వెల్లకిలా పడుకుని బండి కిందకు దూరాడు. అడుగున నీళ్ల గొట్టాలకు కప్పు ఉందా, చలికి గడ్డకడతాయా అని లోపలి నుంచే అరిచి అడిగాడు. మెట్లు గట్టివి కావాలన్నాడు. బండిని నాలుగు మూలలా నిలబెట్టే జాకీలు మీట నొక్కితే దిగేవి కావాలని బెర్డీనా అంది. "నీ నడుము నాకు తెలుసు," అంది.

ప్రతి బండిలోనూ హార్లన్ బాత్రూంలోకి వెళ్లి, తలుపేసుకుని, మోకాళ్లు గోడకు తగులుతాయేమో కూర్చుని చూశాడు. బట్టలతోనేలెండి. ట్రైలర్ కొనేవాళ్లంతా చేసే పనే అది. అయినా బయట కెల్వినూ బెర్డీనా ఎదురెదురుగా నిలబడి వాతావరణం గురించి మాట్లాడుకోవాల్సి వచ్చింది.

చివరికి ఒకటి నచ్చింది. దానికి 'స్లైడ్' ఉంది. అంటే ఒక పక్క గోడ సోఫాతో, భోజనాల బల్లతో సహా బయటికి జరుగుతుంది. ఆగినప్పుడు జరిపితే గది హాలంత అవుతుంది. రోడ్డెక్కేటప్పుడు మళ్లీ లోపలికి లాక్కోవాలి. కెల్విన్ దాన్ని ముందే తెరిచి ఉంచాడు. ఎండ సోఫా మీద పడుతోంది. బాత్రూం కూడా పెద్దదే. బెర్డీనా సోఫాలో కూర్చుని చేత్తో నిమిరింది.

"ఇక్కడ కూర్చుని అల్లుకోవచ్చు," అంది.

హార్లన్‌కు ఆ ఒక్క మాటతో ప్రాణం లేచొచ్చింది. "కాగితాలు తీసుకురా, కెల్విన్," అన్నాడు.

"సోమవారం పొద్దున్నే లెమార్స్ నుంచి ఎవరో దీనికోసమే వస్తున్నారు. ఇవాళే రాసేసుకుంటే నయం," అన్నాడు కెల్విన్.

బెర్డీనా గడియారం చూసి లేచింది. "ఇవాళ కుదరదు. నేను ఇంకా బంగాళాదుంపలు చెక్కు తీయలేదు."

ఆ మాట వేరే ఊళ్లో అయితే ఎవరికీ అర్థం కాదు. అక్కడ కెల్విన్‌కు అర్థమైంది. అతని తల్లి కూడా ఆదివారం వంటకు దుంపలు శనివారం సాయంత్రమే చెక్కు తీసి, నీళ్లలో వేసి ఉంచేది. ప్రభువు దినాన కత్తి పట్టడం కూడా పనే. హార్లన్ మాత్రం దారి పొడుగునా సణిగాడు.

"దుంపల కోసం బండి పోగొట్టుకుంటామేమో."

"మనదైతే ఉంటుంది."

"లెమార్స్ వాళ్లకు ఆ సంగతి తెలియొద్దూ?"

మర్నాడు పొద్దున ఆరాధన, మధ్యాహ్నం వేయించిన మాంసం, నిన్నటి దుంపలు, ఆపైన చిన్న కునుకు అయ్యాయి. సాయంత్రం ఆరాధనకు ముందు ఆ ప్రాంతంలో పెద్దవాళ్లందరూ చేసే పని పైర్లు చూడ్డానికి కారులో తిరగడం. ఎవరి సోయాచిక్కుళ్లు ఎలా ఉన్నాయో నెమ్మదిగా పోతూ చూస్తారు. చూడటం పని కాదు కదా. హార్లన్ పికప్‌ను పడమరకు తిప్పాడు. చాలా దూరం తిప్పాడు. ట్రైలర్ల స్థలం ముందు వేగం తగ్గించాడు.

"ఇక్కడ చిక్కుళ్లు లేవు, హార్లన్."

"కొనడం లేదు. చూస్తున్నాం."

"చూసి కావాలనుకుంటే, అది సగం కొన్నట్టు కాదా?"

"మొక్కజొన్నని చూసి మంచి ధర రావాలనుకోమూ?"

బెర్డీనా ఆలోచనలో పడింది. చూడటం ఎక్కడ ఆగుతుందో, ఆశపడటం ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చెప్పిన పాస్టరును ఆవిడ ఎరగదు. చెప్పే పాస్టరు ఉంటే ఆయనా ఏదో ఒక ఆదివారం ఇలా బండి ఆపిన వాడే అయ్యుంటాడనిపించింది. "త్వరగా చూసి రా," అంది.

అందరిలాగే ఆ దుకాణం కూడా ఆదివారం మూత. గాలివాన వస్తే పాడవుతాయని శనివారం చీకటి పడేలోగా అన్ని బండ్ల స్లైడ్లూ లోపలికి లాగేసి పోతారు. నిన్న హాలులా కనిపించిన బండి ఇవాళ పెట్టెలా ముడుచుకుని ఉంది. హార్లన్ తలుపు అద్దానికి ముఖం ఆనించి, రెండు చేతులూ అడ్డం పెట్టుకుని చూశాడు.

ఎండలో మెరిసిన ఆ సోఫా గదిని దాటుకొచ్చి, బాత్రూం తలుపుకు ఆనుకుని కూర్చుంది. కాలు పెట్టడానికి కాదు కదా, అట్లకాడ దూరడానికి కూడా సందు లేదు. దారిలో తలుపు తెరవాలంటే రోడ్డు పక్కన ఆపి, స్లైడ్ బయటికి జరపాలి. అది లారీలు పోయే వైపుకే జరుగుతుంది.

అతను అలాగే నిలబడిపోయాడు. వెనక బెర్డీనా చెప్పుల చప్పుడు వినిపించింది. అడ్డం నిలబడదామనుకున్నాడు కానీ ఆవిడ అప్పటికే పక్క కిటికీలోంచి చూసేసింది.

"విత్తనాలేసే యంత్రం కొన్నప్పుడు, రోడ్డు మీద పోయేటప్పుడు ఎలా మడుస్తారో చూపించమని అడిగా," అన్నాడు హార్లన్. "దీన్ని మడిచి చూపించమని అడగలేదు. ఇంత వయసొచ్చి."

"ఇది ఇల్లనుకున్నావు. నేనూ అంతే అనుకున్నా." ఆవిడ కిటికీ దగ్గర నుంచి జరిగింది. అతని వంక చూడకుండా అంది: "నేను ఆగలేను, హార్లన్. నీకు తెలుసు కదా."

"తెలుసు."

"అందుకే వెళ్లొద్దనుకున్నా. అక్క మీద ప్రేమ లేక కాదు."

"అదీ తెలుసు."

ఇన్నాళ్లకు వాళ్లిద్దరి మధ్యా ఆ మాట పైకి వచ్చింది. నెత్తిన పిడుగేమీ పడలేదు. హార్లన్ ఆవిడను ఒక మెట్టు మీద కూర్చోబెట్టి, చర్చికి వేసుకున్న సూటుతోనే ఆ వరసలో మొదటి బండి దగ్గరికి నడిచాడు. అద్దానికి ముఖం ఆనించి చూశాడు. తల అడ్డంగా ఊపాడు. రెండోదాని దగ్గరికి నడిచాడు.

అప్పుడే రోడ్డు మీద ఒక కారు నెమ్మదిగా వచ్చి ఆగింది. అందులో చర్చి పెద్ద మార్విన్, ఆయన భార్య ఉన్నారు. మార్విన్ అద్దం దించాడు. అద్దానికి ముఖం ఆనించి ఉన్న హార్లన్‌ను చూశాడు. మెట్టు మీద కూర్చున్న బెర్డీనాను చూశాడు.

"చిక్కుళ్లు ఎలా ఉన్నాయి, హార్లన్?"

"బాగానే ఉన్నాయి, మార్విన్. కొంచెం వాన పడాలి."

"అదే అనుకుంటున్నాం." ఆయన అద్దం ఎత్తబోయి ఆగాడు. "ఆ చివర తెల్లదాంట్లో మంచాలు బాగుంటాయి. మేం పోయిన ఆదివారం చూశాం." కారు కదిలిపోయింది.

బెర్డీనా రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగిపోయాయి. ఏడుస్తోందేమోనని హార్లన్ గబగబా వచ్చి చూస్తే, నవ్వు ఆపుకోలేక కళ్లు తుడుచుకుంటోంది.

వరస చివర తెల్లదాంట్లో మంచాలు బాగున్నాయి, బాత్రూం దారి మాత్రం మూతపడే ఉంది. దాని పక్కన ఇంకొకటి ఉంది. పొట్టిది, స్లైడ్ లేదు, కిటికీ తెరలు ఎండిపోయిన ఆవపిండి రంగులో ఉన్నాయి. హార్లన్ అద్దంలోంచి చూసి, "బెర్డీ, ఇటు రా," అన్నాడు.

లోపలికి అడుగు పెట్టగానే కుడిచేతి వైపు బాత్రూం తలుపు. అటూ ఇటూ ఏమీ లేదు, లోపలికి జరిగి అడ్డం వచ్చేదీ లేదు. బెర్డీనా చాలాసేపు చూసింది.

"మంచం మూలకుంది," అంది చివరికి. "గోడ వైపు పడుకున్నవాళ్లు లేవాలంటే పక్కవాళ్ల మీదుగా పాకాలి."

"గోడ వైపు నేను పడుకుంటా."

"నీ మోకాళ్లతోనా?"

"పాకుతాను. నువ్వు విసుక్కుంటావు. ఇంట్లో మాత్రం వేరేగా ఉందా?"

సోమవారం పొద్దున కెల్విన్ పెద్ద బండి కాగితాలు సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. హార్లన్ టోపీ తీసి చేతిలో తిప్పుతూ, "అది కాదు, ఆ చివరన ఉందే చిన్నది," అన్నాడు.

"అదా? దాంట్లో అల్లుకునే చోటే లేదు. ఏం, పెద్దదాంట్లో ఏం తక్కువైంది?"

హార్లన్ టోపీ ఇంకో చుట్టు తిరిగింది. బెర్డీనా చేతిసంచి బల్ల మీద పెట్టింది. సండే స్కూల్లో పిల్లలకు చెప్పే గొంతుతోనే చెప్పింది:

"ఆపరేషన్ అయింది, కెల్విన్. దారిలో బండి ఆగీ ఆగగానే నేను బాత్రూంకి వెళ్లాలి. పెద్దదాంట్లో సోఫా అడ్డం వస్తుంది."

చెప్పేశాక ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. కెల్విన్ నవ్వలేదు, జాలిపడలేదు. కాగితాలు పక్కన పెట్టి, పెన్ను తీశాడు. "అయితే దీనికి లోపల దీపం, తలుపు దగ్గరే మీట ఉండాలి. నీళ్ల మోటారు మీట కూడా అక్కడికే మార్పిస్తా, దారిలో నీళ్లు రావాలి కదా. మెట్టు పక్కన పట్టుకోవడానికి కమ్మీ ఒకటి. అడుగున ట్యాంకు చలికి గడ్డకట్టకుండా వేడి పట్టీ వేయిస్తా. ఇంకేమైనా ఉందా, మిసెస్ వెల్డ్‌క్యాంప్?"

"ఆ తెరలు మార్చొచ్చా?"

"అవి మార్చకపోతే మేమే సిగ్గుపడాలి."

జూన్ నెలలో వాళ్లు పడమరకు బయల్దేరారు. మిస్సోరీ నది దాటి, గడ్డి కొండలు మొదలైన చోట, చుట్టూ ఇల్లు గానీ పెట్రోలు బంకు గానీ కనపడని దారిలో బెర్డీనా ఒక్కసారిగా సీటు అంచు పట్టుకుంది.

"ఆపు," అంది.

హార్లన్ రోడ్డు పక్కకు తీశాడు. ఆవిడ దిగి వెనక్కి నడిచింది. అద్దంలో ఆవిడ కమ్మీ పట్టుకుని మెట్టెక్కడం, తలుపు మూసుకోవడం కనిపించాయి. లారీలు పక్క నుంచి పోతుంటే బండి కొంచెం ఊగింది. అతను స్టీరింగ్ మీద చేతులుంచి, పెదవులు కదపకుండా దేవుడికి ఏదో చెప్పుకున్నాడు.

కాసేపటికి బెర్డీనా వచ్చి కూర్చుని బెల్టు పెట్టుకుంది. ముఖం కడుక్కుని వచ్చినట్టుంది, చెంపల మీద తడి ఉంది. కొండల వంక చూస్తూ అడిగింది.

"లిండెన్ ఇంకా ఎంత దూరం?"

"చాలా దూరం. ఇంకా సగం కూడా రాలేదు."

"మంచిదే," అంది బెర్డీనా. "బండి పోనీ."