శభాష్ అనని రోజు

మా ఆయన గస్సాన్ ఊద్ వాయిస్తారు. తీగలు పదకొండు, పొట్ట పెద్దది, మెడ పొట్టి. వాద్యం సంగతే చెబుతున్నాను. బాగ్దాదులో ఇప్పటికి ముగ్గురు పిలిచారు, సోలో కచేరీ చెయ్యమని. "ముందు ఉస్తాద్ సరే అనాలి" అంటారీయన.

చిక్కంతా అక్కడే ఉంది. ఈయన గురువు ఉస్తాద్ షౌకత్‌కి వినికిడి తగ్గి ఆరేళ్ళయింది. ఆ సంగతి ఆయన ఒప్పుకోరు. చెవి మిషను పెట్టుకుంటే ఊళ్ళో ఉల్లిపాయలన్నీ తన చెవిలోనే వేగుతాయట, అందుకని అది సొరుగులో ఉంటుంది. మా ఆయన చేతులు ఆగితే చాలు, "శభాష్" అంటారు. ఒకసారి తీగ తెగి ఆగారు, దానికీ శభాష్. నా చేతిలో టీ పళ్ళెం కింద పడితే నాకూ ఒకటి వచ్చింది.

"ఆ శభాష్ నమ్ముకుని వేదికెక్కలేను," అంటారు మా ఆయన. "ఆయన తిట్టి ఎన్నాళ్ళయిందో."

తిట్ల కోసం బెంగపెట్టుకున్న మగాణ్ణి ఈయన్నే చూశాను. ఇంట్లో దొరికేవి చాలవు కాబోలు.

మా అమ్మాయి రీమ్ ఆన్‌లైన్‌లో కెమిస్ట్రీ పాఠాలు చెబుతుంది. మెడ దగ్గర తగిలించుకునే మైకొకటి ఉంది దానికి, చిక్కుడు గింజంత. దాన్నీ, అరచేతిలో పట్టే యాంప్లిఫయర్నీ, చెవులు మొత్తం కప్పే హెడ్‌ఫోన్లనీ శుక్రవారం పొద్దున్నే సంచిలో వేశాను. పైన కాహీ రొట్టెలూ గేదె మీగడా పెట్టాను. అవి ముందు నడవకపోతే ఆ ఇంట్లోకి ఏ కొత్త వస్తువూ వెళ్ళదు.

ఉస్తాద్ మీగడంతా తిని, మూతి తుడుచుకుని, మైకు వైపు చూశారు. "ఏమిటమ్మాయ్ ఈ పురుగు?"

"ఊద్‌కి కొత్త నగ, ఉస్తాద్," అని వీధి చివరికి వినపడేలా చెప్పాను.

మొదట తీగలు కట్టిన చెక్క పక్కన అంటించి, హెడ్‌ఫోన్లు నేను పెట్టుకుని విన్నాను. మీటినప్పుడల్లా తివాచీ దులిపినట్టుంది. పైకి జరిపితే మా ఆయన ఊపిరి తప్ప ఏమీ లేదు. చివరికి దిండులోంచి కాస్త దూది లాగి మైకుకి చుట్టి, ఊద్ పెద్ద కన్నం అంచున లోపలివైపు టేపుతో అతికించాను.

"దూది ఎందుకు?" అన్నారు మా ఆయన.

"జలుబు చెయ్యకుండా."

ఈసారి ఊద్ గొంతు బాగా వచ్చింది. ఉస్తాద్ భార్య నాహిదా పిన్ని హెడ్‌ఫోన్లు తీసుకెళ్ళి ఆయన తలకి తగిలించి, ఊద్ కన్నం దగ్గర వంగి, మామూలు గొంతుతోనే అంది: "షౌకత్, స్నానాలగది కుళాయి రెండేళ్ళుగా కారుతోంది."

ఆయన ఉలిక్కిపడ్డారు. "ఒరే గస్సాన్, ఈ ఊద్‌లో ఏదో లోపం ఉందిరా."

మా ఆయన సమాయీ అనే పాత బాణీ అందుకున్నారు. మూడు భాగాలు నిదానం, నాలుగోది కాస్త చురుకు. ఉస్తాద్ కళ్ళు మూసుకున్నారు. తెరిచారు. హెడ్‌ఫోన్లని రెండు చేతులా అదిమి పట్టుకున్నారు. నాలుగో భాగం సగంలో ఉండగా చెయ్యెత్తారు.

"ఆపు."

ఆరేళ్ళుగా ఆ గదిలో ఆ మాట లేదు.

"ఎవడ్రా నీకిది నేర్పింది?"

"మీరే, ఉస్తాద్."

"నేను నేర్పింది ఇది కాదు. మూడో జత తీగ శ్రుతి దిగిపోయింది. నీకేమైనా చెవుడా? ఆ నాలుగో భాగంలో పరుగేమిటి, వెనక కుక్కలు పడ్డాయా?"

ఆ పరుగు సంగతి పెళ్ళైన కొత్తలోనే మా ఆయనకి నేను చెప్పాను. సంగీతం తెలియనివాళ్ళకి అలాగే అనిపిస్తుందన్నారు. ఇప్పుడు నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు. ఎప్పుడో కరిగిపోయిన చక్కెరని టీలో కలుపుతూ కూచున్నాను.

యాభై రెండేళ్ళ మనిషి ముఖం మాత్రం వెలిగిపోతోంది. "మళ్ళీ వాయించనా?"

"అడుగుతావేం? వాయించి ఏడువు."

నాలుగుసార్లు వాయించారు, నాలుగుసార్లూ తిట్లు తిన్నారు. ఐదోసారి ఉస్తాద్ చెయ్యి లేవలేదు. మోకాలి మీద తాళం వేస్తూ చివరిదాకా వచ్చింది. ఊద్ ఆగింది. ఆయన శభాష్ అనలేదు.

"కచేరీ ఎప్పుడు?" అన్నారు.

"ఒప్పుకుంటే వచ్చే నెల."

"ఒప్పుకో. ముందు వరసలో నాకో కుర్చీ వేయించు. ఈ పురుగు నీ దగ్గర, ఈ డిప్పలు నా చెవులకి. తప్పు వాయించావో, అంతమందిలో లేచి ఆపేస్తాను."

"తప్పకుండా, ఉస్తాద్," అంటూ మా ఆయన వంగి ఆయన చెయ్యి ముద్దుపెట్టుకున్నారు.