మొదటి పేజీలో మిషన్ల తాత

తొమ్మిదో దుకాణం పేరు వెతికేసరికి మాస్టారి వేలు మౌస్ మీదే ఆగిపోయింది. నిన్నటిదాకా సెర్చ్ ఇంజిన్ మొదటి పేజీలో దర్జాగా కూర్చున్న పరుపుల కొట్టు, ఇవాళ ఆరో పేజీలో కూడా లేదు.

ఒకప్పుడు టైపు నేర్పినవాడు కనుక ఆఫీసులో ఆయన్ని మాస్టారనే పిలిచేవారు. యాభై రెండేళ్ళ మనిషి. బల్ల అంచుకు ఒరుసుకుని చొక్కా చేతుల దగ్గర నూలు లేచింది. పదకొండేళ్ళుగా ఎవరెవరి వెబ్‌సైట్లనో పైకెక్కించడమే ఆయన ఉద్యోగం. జనం వెతికే మాటను శీర్షికలో ఇరికించాలి. పేజీ చప్పున తెరుచుకునేట్టు చూడాలి. ఊరూ పేరూ లేని సైట్ల నుంచి, ఇది మంచి కొట్టని చూపించే లింకులు కొనుక్కురావాలి. రాత్రికి రాత్రి సెర్చ్ వాళ్ళు ఏ సైటు ముందు రావాలనే లెక్క మార్చారు. కొన్న లింకులన్నీ చెల్లని కాసులయ్యాయి.

ఆయన చూసే నలభై సైట్లలో ఒక్కటే కదలకుండా నిలబడింది.

"ఇదెవరిది మాస్టారూ?" మేనేజరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"కుట్టుమిషన్లు బాగుచేసే తాతది సార్. మా ఆవిడ మిషన్‌కి ప్రాణం పోశాడని ఊరికే చేసిపెట్టాను."

"లింకులెక్కడ కొన్నారు?"

"కొనలేదు. మిషన్ బాగుపడ్డవాళ్ళే తమ పేజీల్లో ఆయన గురించి రాసుకున్నారు. మిషన్ ఎందుకు మొరాయిస్తుందో, నూనె ఎక్కడ చుక్కెయ్యాలో నెలనెలా తాత ఫోన్లో చెప్పేవాడు, నేను రాసేవాణ్ణి. అంతే."

"సాయంత్రం క్లయింట్లకి దీన్నే చూపిద్దాం. ఆయన చేత రెండు మంచి మాటలు చెప్పించండి. ఇదీ లేకపోతే మన కొట్టు కట్టేసినట్టే."

మాస్టారు ఫోన్ చేశాడు. తాత కోడలు ఎత్తింది.

"మామయ్యగారు పోయి పన్నెండు రోజులైందండీ."

మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"పొద్దున లేస్తే ఫోన్లే. అందరూ ఆయన్నే అడుగుతారు. పోయారు, పోయారు అని చెప్పలేక చస్తున్నాను. ఆ పేజీ తీసెయ్యండన్నయ్యా, మీకు పుణ్యముంటుంది."

మేనేజరు విని నిట్టూర్చాడు. "రెండ్రోజులాగి తీద్దాం. పోయినాయన వచ్చి అడుగుతాడా?"

"కోడలు అడిగింది కదండీ."

సిగ్గుపడకుండా నలుగురికీ చెప్పుకోగలిగిన పని, ఈ పదకొండేళ్ళలో ఆ పేజీ ఒక్కటే. మాస్టారు దాన్ని చివరిసారి పైనుంచి కిందికి చదువుకున్నాడు. తీసేశాడు. మేనేజరు గొంతు పెంచలేదు. రేపటి నుంచి రావద్దన్నాడు.

ఇంటికి పోబుద్ధి కాక, సాయంత్రం తాత కొట్టు దాకా నడిచాడు. కోడలు షట్టరు సగం ఎత్తి, తల వంచుకుని లోపలికి రమ్మంది. గదంతా ఇనుము వాసన, నూనె వాసన.

"పోయిన రోజు దాని ముందే కూర్చున్నారు," కిటికీ వైపు చూపిస్తూ అందామె మెల్లగా.

కిటికీ పక్కన ఎవరిదో పాత మిషన్. సూది పాదం కింద జానెడు నీలం గుడ్డపీలిక, దాని మీద తిన్నగా వచ్చి సగంలో ఆగిన కుట్టు.