నిండిన బ్యాటరీ

బెర్గెన్‌లో కొండ మీద ఇళ్లున్నవాళ్లకు దిగడం, తిరిగి ఎక్కడం తప్పదు. రాగ్ని రోజూ కరెంటు సైకిలు ముందున్న పెట్టెలో మనవరాలు లివ్‌ని కూర్చోబెట్టుకుని కింద బడిలో దింపి వస్తుంది. డెబ్బై దాటిన మనిషికి రోజు మొత్తంలో చెప్పుకోదగ్గ పని అదొక్కటే.

కిందటి నెల వెనక చక్రంలో స్పోకు ఒకటి టంగుమని తెగింది. కోడలు ఇంగున్ ఆ రోజే తేల్చి చెప్పింది. "ఇంకొక్కసారి ఏమన్నా అయిందో, లివ్ కారులోనే వెళ్తుంది అత్తయ్యా. తర్వాత నన్ననొద్దు."

అప్పటికే ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. ఇంకో స్పోకు తెగనివ్వకూడదని రాగ్ని పంతం పట్టింది. ఆ బండిలో మీట నొక్కితే మోటారే చక్రాన్ని పట్టి ఆపుతుంది, ఆపుతూ కాస్త కరెంటు బ్యాటరీకి తిరిగి పంపుతుంది. ఎక్కేటప్పుడు ఒకవైపు, దిగేటప్పుడు రెండోవైపు గుంజితే స్పోకులు వదులవక ఏమవుతాయి? అందుకని ప్రతి ఆదివారం చక్రం ముందు చతికిలబడి, ఒక్కో స్పోకునీ వేలితో మీటి, మొద్దుగా పలికినదాన్ని చిన్న పానాతో బిగించేది. చేతి బ్రేకుల రబ్బర్లను మాత్రం పట్టించుకోలేదు. మోటారు ఆపుతుంటే వాటితో పనేముంది? చలికాలమంతా వానలో నాని అవి సబ్బుబిళ్లల్లా తయారయ్యాయి.

ఆ శుక్రవారం దిగుడు మొదట్లోనే మీట నొక్కితే మోటారు పట్టలేదు. చూస్తే బ్యాటరీ నిండుగా ఉంది. తను ఎప్పుడూ రెండు గీతలు తక్కువ ఉండగానే చార్జింగు తీసేస్తుంది. నిండు కుండలో నీళ్లెక్కడ పడతాయి? నిండిన బ్యాటరీ కరెంటు పుచ్చుకోదు, అది పుచ్చుకోకపోతే మోటారు ఆపదు. రాగ్నికి పైప్రాణాలు పైనే పోయాయి. రెండు చేతి బ్రేకులూ పిసికేసింది. రబ్బర్లు కీచుమన్నాయి గానీ బండి ఆగలేదు.

"ఇంకా జోరుగా, నానమ్మా!"

"నోర్మూసుకుని గట్టిగా పట్టుకోవే!"

చివరికి బూట్లు నేలకు రాస్తూ, బండిని ఎవరింటి కంచెకో ఒరిపించి ఆపింది. పిల్లకి చిన్న దెబ్బ కూడా తగల్లేదు. స్పోకులన్నీ భేషుగ్గా ఉన్నాయి. రాగ్ని లివ్‌ని చెయ్యి పట్టుకుని బడిదాకా నడిపించి, బండి తోసుకుంటూ కొండెక్కింది.

ఆ రోజు పనికి సెలవు పెట్టింది కాబట్టి ఇంగున్ వాకిట్లోనే ఎదురైంది.

"చూశారా అత్తయ్యా, బ్యాటరీ? రాత్రి మీరు పడుకున్నాక నేనే మళ్లీ చార్జింగు పెట్టాను, నిండేదాకా. తిరిగి ఎక్కేటప్పుడు మీకు కష్టమవకూడదని."

ఆ ఇంటికి వచ్చాక ఆమె అత్తగారికి తనంతట తానుగా చేసిన మొదటి మంచిపని అది. నిజం చెబితే తప్పు కోడలిదవుతుంది, బండి తనకే ఉంటుంది. మాట రాగ్ని నాలుక చివరిదాకా వచ్చింది.

"బ్రేకు రబ్బర్లు పాడైపోయాయి. నేను చూసుకోలేదు" అంది. "కంచెకు గుద్దాను. పిల్లకేం కాలేదులే."

ఇంగున్ మొహం పాలిపోయింది.

"సోమవారం నుంచి నేనే కారులో తీసుకెళ్తాను."

"తీసుకెళ్లు."

"పోనీ, బ్యాటరీ అయినా పనికొచ్చిందా?"

"పనికొచ్చింది" అని రాగ్ని బండి తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది. "ఇకమీదట రెండు గీతలు తక్కువ పెట్టు. ఎక్కువకాలం మన్నుతుంది."