రానివాళ్ల పట్టిక

ఆ బళ్లో వచ్చినవాళ్ల పేర్లు రాయరు. రానివాళ్ల పేర్లు రాస్తారు. పేరు రాయలేదంటే పిల్ల వచ్చినట్టే. సాల్మి క్రీక్ హైస్కూలు ఆఫీసులో ఇరవై మూడేళ్లుగా ఆ పట్టిక లోర్నా కిన్నునెన్ చేతిమీదుగా నడుస్తోంది.

అక్టోబరు మొదటి బుధవారం లెక్కరోజు. ఆ రోజు కుర్చీల్లో ఎంతమంది ఉంటే బడికి అంతమంది. నలభైకి ఒక్కరు తగ్గినా హైస్కూలు మూసేసి, పిల్లల్ని సరస్సు ఒడ్డు రోడ్డు మీద నలభై ఒక్క మైళ్లు బస్సులో పంపాలని జూన్‌లో బోర్డు తీర్మానించింది. ఆ రోడ్డు మీద జనవరిలో మంచు తీసే బండే ఒక్కోసారి గుంటలో పడుతుంది. లెక్క కాగితం మీద సంతకం లోర్నాది.

సోమవారం ఆమె రాష్ట్రం పంపిన వార్షిక నివేదిక తెరిచింది. ఏ జాతి పిల్లలు ఎందరు, ఎవరికి ఎన్ని మార్కులు అన్నది అందులో ఉంటుంది. పదిమందికి తక్కువున్న గుంపుకి అంకె వేయరు, చుక్క గుర్తు వేస్తారు. చిన్న ఊరు కదా, ఎవరి మార్కులో పోల్చుకుంటారని. సాల్మి క్రీక్ నివేదిక నిండా ఏటా చుక్కలే. అందుకే ఎవరూ చదవరు. లోర్నా కూడా చదివేది కాదు.

ఈసారి ఒక్కొక్కరూ లెక్కే కనుక, చుక్కల కింద ఏముందో ఆఫీసు ప్రతిలో చూసింది. తెల్లవాళ్లు ఇరవై ఆరు. ఆదివాసీలైన ఒజిబ్వేలు ఎనిమిదిమంది. రెండు జాతులవాళ్లు నలుగురు. మెక్సికో నుంచి వచ్చిన కుటుంబం పిల్లవాడు ఒకడు. ముప్ఫై తొమ్మిది. కింద మొత్తం నలభై అని ఉంది. చివరి వరుస 'జాతి చెప్పనివారు'. ఒకరు.

ఆ ఒకరి పేరు ఇర్యా సాలో. పదో తరగతి. సెలవులు సున్నా. పదకొండేళ్లుగా సున్నా.

లోర్నా కుర్చీ వెనక్కి జరిపింది. ఇర్యా తండ్రి దుంగల లారీ నడిపేవాడు. పిల్ల రోజూ ఆలస్యంగా వచ్చి, ఆలస్యం చీటీ కోసం ఆఫీసు కిటికీ ముందు నిలబడి పుస్తకం చదువుకునేది. పదకొండేళ్ల కిందట ఒక ఫిబ్రవరి ఉదయం లోర్నా చీటీ ఇవ్వలేదు. "ఇంట్లోవాళ్ల మాట లేకుండా మళ్లీ రాకు" అంది. పిల్ల మళ్లీ రాలేదు. ఆ వారంలోనే కుటుంబం ఊరు వదిలిందన్నారు. ఇంకో బడి కాగితాలు అడిగితేనే ఇక్కడ పేరు కొట్టేస్తారు. ఎవరూ అడగలేదు. ఏ టీచరు పట్టికలోనూ ఆ పేరు లేదు కనుక రాలేదని రాసినవాళ్లూ లేరు.

అంతవరకు అర్థమయ్యే పొరపాటే. మార్కుల వరుసే అర్థం కాలేదు. లెక్కల పరీక్ష ఖాళీ. చదివి అర్థం చేసుకునే పరీక్షకి మాత్రం పదకొండు వసంతాల మార్కులున్నాయి. ప్రతి ఏడూ కిందటేటికంటే కొంచెం ఎక్కువ.

ప్రిన్సిపాల్ డేల్ హార్యు అదే బళ్లో చదివినవాడు. కంప్యూటరు తెర మీదికి వంగి చూసి నవ్వాడు.

"ఎవరో వేరే పిల్ల ఈమె పేరు మీద పరీక్ష రాసుంటుంది లోర్నా గారూ. బడి మొత్తంలో మార్కులు పెరుగుతున్నది ఈమెకే. ఇలాంటివాళ్లని ఇంకో పదిమందిని పట్టుకురండి."

"పదకొండేళ్లూ తప్పు పేరు మీదే రాశారా?"

"ఏమో. నలభై అని ఉంది, నలభై వేసేయండి."

"కుర్చీలో చూడని పిల్లకి నేను సంతకం పెట్టను అబ్బాయ్. నువ్విక్కడ చదివేటప్పుడు నీ సెలవు చీటీల మీద దొంగ సంతకాలే పట్టుకున్నదాన్ని."

బుధవారం డేల్ ఊరించిన డోనట్ల కోసం జ్వరం ఉన్నవాళ్లు కూడా వచ్చారు. లోర్నా గది గదికీ తిరిగి తలలు లెక్కపెట్టింది. ముప్ఫై తొమ్మిది. ఆఫీసుకొచ్చి రానివాళ్ల పట్టికలో ఇర్యా సాలో పేరు రాసింది. మొదటిసారి.

పది గంటల పది నిమిషాలకి యంత్రం రానివాళ్ల ఇళ్లకి ఫోన్ చేస్తుంది. అందులో గొంతు లోర్నాదే, ఎప్పుడో రికార్డు చేసింది. పిల్లకి ఒంట్లో బాగోకపోతే ఒకటి నొక్కండి. ఆలస్యంగా వస్తుంటే రెండు. మీకు తెలియకపోతే మూడు.

పది పద్నాలుగుకి కాగితం వచ్చింది. చేసిన ఫోన్లు: ఒకటి. సాలో. ఎత్తారు. నలభై ఎనిమిది సెకన్లు విన్నారు. ఒకటి నొక్కారు.

"ఆ నంబరు వేరేవాళ్లకి ఇచ్చుంటారు" అన్నాడు డేల్.

లోర్నా బల్ల మీది ఫోనులో అదే నంబరు కొట్టి, అతను కూడా వినేలా పెట్టింది. ఈ నంబరు వాడుకలో లేదంది ఫోను. ఇంకోసారి కొట్టింది. అదే మాట.

 డేల్ వెళ్లి నియమాల పుస్తకం తెచ్చాడు. ఇంట్లోవాళ్లు కారణం చెప్పి ఉంటే, రాని పిల్ల కూడా లెక్కలోకే వస్తుంది. ముప్ఫై రోజుల్లోపు వచ్చి తరగతిలో కూర్చోవాలి, అంతే.

"కూర్చోకపోతే?"

"ముప్ఫై తొమ్మిది."

లోర్నా కాగితం మీద జరిగింది జరిగినట్టు రాసింది. వచ్చినవారు ముప్ఫై తొమ్మిది. కారణం చెప్పి రానివారు ఒకరు. సంతకం పెట్టింది. పదో తరగతి గదిలోకి ఇంకో కుర్చీ వేయించింది.

ఆ తర్వాత ప్రతి ఉదయం ఆ పేరు రాసింది. ప్రతి ఉదయం పది పద్నాలుగుకి కాగితం వచ్చింది. ఎత్తారు. ఒకటి. రెండో వారానికి డేల్ జోకులు మానేశాడు. మూడో వారం మంచు మొదలైంది. ఒక సాయంత్రం లోర్నా కారులో సాలోల ఇంటిదాకా వెళ్లింది. పైకప్పు కూలి ఉంది. ఫోను తీగ స్తంభం దగ్గరే తెగి వేలాడుతోంది.

ముప్ఫయ్యో రోజు శుక్రవారం. బోర్డువాళ్లు మూడింటికి వస్తామన్నారు. డేల్ ఉదయం నుంచీ ఆఫీసులోనే నిలబడ్డాడు.

"ఏమొచ్చింది?"

లోర్నా కాగితం అతనికిచ్చింది. ఎత్తారు. నలభై ఎనిమిది సెకన్లు.

"రెండు" అన్నాడు డేల్. "రెండంటే ఏంటి లోర్నా గారూ?"

ఏంటో అతనికీ తెలుసు. ఆమె సొరుగులోంచి ఆలస్యం చీటీల పుస్తకం తీసింది. తేదీ వేసింది. పేరు రాసింది. కారణం అన్నచోట 'ఇంట్లోవాళ్లు చెప్పారు' అని రాసింది. టైము అన్నచోట ఖాళీ వదిలి, కిటికీ అద్దం పక్కకి జరిపి, పెన్ను పట్టుకుని కూర్చుంది.